డ్రమ్ము మీది బొట్టు

"మీకిచ్చిందే అరగంట గురూగారూ. అందులో సగం ఆ డ్రమ్ము మొహం చూడ్డానికే సరిపోయింది," అన్నాడు సీఐ దత్తాత్రేయ.

నరసింగరావు ఇంకా డ్రమ్మునే చూస్తున్నాడు. ఒకప్పుడు ఇదే దత్తాత్రేయ అతని సర్కిల్లో కుర్ర ఎస్సై. పంచనామా రాయడం అతని దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పుడు నరసింగరావు రిటైరై, సాలూరులో ఒంటిగదిలో కూర్చుని ప్రైవేటుగా కేసులు చూసుకుంటున్నాడు. నేర్పిన చెయ్యి నేర్చుకున్న చేతికి లోకువే. ఆ సంగతి అతనికి కొత్త కాదు.

భోగాపురం దాటాక హైవే పక్కన మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీ అది. వెనక యార్డులో వ్యర్థాల నీళ్లు పడే సిమెంటు గుంట. గట్టు మీద ఖాళీ నీలం డ్రమ్ము, చుట్టూ పోలీసుల తాడు. గురువారం పదకొండున్నరకి గ్యాసు సైరను మోగింది. గుంటలోంచి తీసిన శవం జగన్నాధానిది. కాంట్రాక్టు కూలీ, నలభై ఏళ్లవాడు.

గుంటలో ఉన్నవి ఆమ్లం నీళ్లు. అందులో పడింది సోడియం హైడ్రోసల్ఫైడ్ అనే క్షారం. రెండూ కలిస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన కొట్టే గ్యాసు పుడుతుంది. ఎక్కువగా ఉంటే ఆ వాసన కూడా తెలియదు. రెండో ఊపిరికి మనిషి ఉండడు.

డ్రమ్ము మీద మాత్రం 'ఉప్పునీళ్లు, ప్రమాదం లేదు' అని లేబుల్ ఉంది. ఉప్పునీళ్లని ఆ గుంటలో పారబోయడం అక్కడ రోజూ జరిగేదే. లేబుల్ చూసి జగన్నాధం పారబోశాడు, తూలి అందులోనే పడ్డాడు. లేబుళ్ల పని స్టోర్‌కీపర్ రమేష్‌బాబుది కాబట్టి తప్పు అతనిది. ఇదీ దత్తాత్రేయ కేసు. నిర్లక్ష్యం వల్ల మరణం, సెక్షన్ నూట ఆరు. సాయంత్రం రమేష్‌బాబుని మేజిస్ట్రేటు ముందు పెట్టి జైలుకి పంపుతారు.

నరసింగరావుని పెట్టుకున్నది రమేష్‌బాబు భార్య రేఖ. పొద్దున్నించి గేటు బయట కూర్చుంది. ఆమెకి కొంచెం దూరంలోనే జగన్నాధం పెళ్లాం తవిటమ్మ కూర్చుంది. వచ్చీరాగానే గుప్పెడు దుమ్మెత్తి రేఖ మొహాన కొట్టింది. రేఖ తుడుచుకోలేదు.

"సేఫ్టీ ఆఫీసర్ని పిలువు," అన్నాడు నరసింగరావు.

గౌతమి వచ్చింది. విజయనగరంలో తరతరాలుగా సంగీతం చెప్పుకు బతికిన ఇంటిపిల్ల. పాతికేళ్లు దాటి ఉండవు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఈ మందు పోసిన డ్రమ్ము మీద రూలు ప్రకారం ఏముండాలమ్మా?"

"మందు పేరు, తయారుచేసినవాళ్ల పేరు సార్. 'ప్రమాదం' అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఒంటికి తగిలితే ఏమవుతుందో, ఎలా జాగ్రత్తపడాలో ఉండాలి. ఎర్ర అంచు డైమండు గడుల్లో బొమ్మలుండాలి."

"ఏం బొమ్మలు?"

"పుర్రె ఒకటి. చెయ్యిని మందు తినేస్తున్నట్టు ఒకటి. ఎండిన చెట్టూ చచ్చిన చేపా ఒకటి."

"జగన్నాధానికి చదువొచ్చా?"

"సంతకం వరకే. కానీ బొమ్మలన్నీ తెలుసు. నేనే చెప్పాను. పుర్రె ఉన్న డ్రమ్ముని ఒంటరిగా ముట్టుకునేవాడు కాదు. 'ఈ పుర్రె అచ్చం మా మావ మొగంలాగున్నాది మేడమ్' అని అందర్నీ నవ్వించేవాడు."

"మరి ఈ ఉప్పునీళ్ల లేబుల్ ఎక్కడిది?"

ఆమె దత్తాత్రేయ వైపు చూసింది.

"అతన్ని చూడకు. నన్ను చూడు," అన్నాడు నరసింగరావు.

"డిస్పాచ్‌లో ప్రింటవుతుంది సార్. సాలూరు లారీల్లో బయటికి పోయే డ్రమ్ములకి అంటిస్తారు."

"ఆ డ్రమ్ముల్లో ఉప్పునీళ్లేనా?"

"కాగితాల్లో అంతే ఉంటుంది."

"మూత తీసి చూశావా?"

"లేదు."

"సంతకం పెట్టావా?"

"పెట్టాను." కళ్లు తుడుచుకుంది. "మేనేజరు గారు పంపితే పెట్టేదాన్ని."

"అయితే ఏడవకు. ఏడిచే హక్కు గేటు బయట కూర్చున్నదానిది. ఆ లారీలు లోడు చేసేదెవరు?"

"జగన్నాధం, అతని మనుషులూ. కిందటి వారం లోడు చెయ్యనని ఎదురుతిరిగాడు. అరచేతులు పొక్కిపోయాయి. ఉప్పునీళ్లు చేతులు కాలుస్తాయా, కలెక్టరు గారినే అడుగుతాను అన్నాడు."

"ఇదంతా కేసుకి అక్కర్లేదు," అన్నాడు దత్తాత్రేయ.

"ఏది అక్కర్లేదో చచ్చినవాడు చెప్పాలి. నువ్వు కాదు."

నరసింగరావు యార్డు పక్కనున్న స్టోరు షెడ్డులోకి నడిచాడు. డ్రమ్ములు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ప్రతిదానికీ లేబుల్ పైన, భుజం దగ్గర, రూపాయి బిళ్లంత పసుపు, దాని నడుమ కుంకుమ. దసరాకి ఆయుధపూజ చేసి పెట్టిన బొట్లు. ఎండి పెచ్చులు లేస్తున్నా ఎవరూ తుడవలేదు. వచ్చే దసరా దాకా తుడవరు. ఒక్క బొట్టు మీద కూడా కాగితం పడకుండా లేబుళ్లన్నీ కిందికే ఉన్నాయి.

"ఈ బొట్లు పెట్టిందెవరు?"

"రమేష్‌బాబు గారే సార్," అంది గౌతమి. "ప్రతి ఏడూ ఆయనే పెడతారు. ఒక్కదాన్ని వదలరు. ఫోర్కులిఫ్టుకి నిమ్మకాయలు, డ్రమ్ములకి బొట్లు. స్టోరులో పొరపాటున ఎవరైనా బొట్టు చెరిపితే చెడతిట్టేవారు."

"దసరా నాటికి ఆ డ్రమ్ము స్టోరులో ఉందా?"

"ఉంది. వినాయకచవితికి ముందే వచ్చింది."

అతను తిరిగి గుంట గట్టు మీదికి వచ్చాడు. "దత్తూ, దీనికి బొట్టేదీ?"

"మర్చిపోయుంటాడు."

"షెడ్డంతటికీ పెట్టి ఒక్కదాన్ని మర్చిపోయే పూజ నువ్వెక్కడైనా చూశావా? సరే, అది వదిలెయ్. ఈ కారుడు చూడు."

డ్రమ్ము మూతి దగ్గర మొదలైన చార ఒకటి పక్క వెంట కిందికి దిగింది. ఒంపినప్పుడు కారి ఎండిపోయిన మందు. లేబుల్ పై అంచు దాకా వచ్చింది. లేబుల్ కింది అంచు దగ్గర మళ్లీ మొదలై అడుగు దాకా పోయింది. మధ్యలో లేబుల్ మొహం మీద చుక్క లేదు. కడిగిన అద్దంలా ఉంది.

దత్తాత్రేయ వంగి చూశాడు. నిటారుగా లేవడానికి కొంచెం టైము పట్టింది.

"వీడియో తియ్యమను," అన్నాడు నరసింగరావు. "నీ కానిస్టేబుల్ చేతే లేబుల్ ఊడదీయించు. నేను ముట్టుకోను."

కానిస్టేబుల్ తొడుగులేసుకుని, బ్లేడుతో ఒక మూల లేపి, నెమ్మదిగా లాగాడు. జిగురు సాగుతూ వచ్చింది.

కింద బొట్టుంది. ఆ పక్కన పాత లేబుల్ చింపగా మిగిలిన ముక్క, ఎర్ర అంచు మూల ఒకటి. బొట్టులో కుంకుమ మామూలుగానే ఉంది. దాని చుట్టూ ఉన్న పసుపు మాత్రం సగమే పచ్చగా ఉంది. మందు ధార కారినంత మేరా అది ఎర్రబడింది.

పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది. క్షారం తగిలినా అంతే. ఇది తెలుసుకోడానికి లేబరేటరీ అక్కర్లేదు. నాలుగేళ్ల కిందట, పాడె ఎత్తే ముందు, భార్య పాదాలకి నరసింగరావే రాశాడు. ఆ ఎరుపు అతనికి బాగా తెలుసు.

"చదువు దత్తూ," అన్నాడు. "బొట్టు దసరాది. దాని మీద మందు కారింది. దాని మీద లేబుల్ పడింది. మూడూ ఆ వరసలోనే ఉన్నాయి."

"డ్రమ్ము ముందెప్పుడో కారి ఉండొచ్చు."

"మూతి సీలు పగలకుండా ఎలా కారుతుంది? పగిలిన సీలు గుంట గట్టు మీదే దొరికిందని నీ పంచనామాలో నువ్వే రాశావు. మందు ఒంపాకే లేబుల్ అంటించారు. ఒంపగానే గ్యాసు లేచింది. జగన్నాధం ఒంపే టైముకి ఆ లేబులే లేదు. లేని లేబుల్‌ని చూసి ఎవడూ మోసపోడు. పుర్రె చూస్తే ముట్టుకోనివాడు దాన్ని ఒంపనూ ఒంపడు. శవం దగ్గర ఏం దొరికింది?"

"గోకుడు పార," అన్నాడు దత్తాత్రేయ, ఇష్టం లేకుండా.

"అంటే వాడు గుంటలో దిగి మడ్డి గోకుతున్నాడు. పైనించి ఇంకొకడు ఒంపాడు. ఒంపి, గ్యాసులోనే నిలబడి, పుర్రె లేబుల్ చింపి, ఉప్పునీళ్ల లేబుల్ అంటించి, నడిచి వెళ్లిపోయాడు. తప్పు కాగితం అంటిస్తే తప్పు రమేష్‌బాబుదవుతుందని వాడికి తెలుసు. కాగితం కింద ఏముందో చూసుకోలేదు."

దత్తాత్రేయ ఊడదీసిన లేబుల్‌ని ఓసారి చూశాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు నరసింగరావుకి నచ్చలేదు.

"బ్రహ్మాండం గురూగారూ. నేను నూట ఆరు రాశాను. మీరు దాన్ని నూట మూడు చేశారు. హత్య! స్టోరు తాళం మీ క్లయింటు దగ్గరే ఉంటుంది. లేబుళ్లూ అతని చేతిలోవే. రెండేళ్లలో బయటికొచ్చేవాణ్ణి యావజ్జీవానికి పంపిస్తున్నారు. ఫీజు ముందే తీసుకున్నారా?"

"గ్యాసులో నిలబడ్డవాడు ఊపిరి ఎక్కడినించి పీల్చాడు?" అన్నాడు నరసింగరావు, ఆ మాట వినిపించనట్టు.

గౌతమి గోడకున్న ఎర్ర బీరువా వైపు చూపించింది. అందులో గాలి సిలిండరూ, మొహమంతా కప్పే మాస్కూ ఉన్నాయి. "పనిచేసేది ఇదొక్కటే సార్. సైరను మోగాక నేనే వేసుకుని దిగాను. అప్పటికే..." ఆగింది. "అప్పటికే సిలిండరు ముల్లు సగానికి దిగిపోయి ఉంది. సోమవారం నేను చూసినప్పుడు నిండుగా ఉంది. లీకేమో అనుకున్నాను."

"లీకు కాదు. నీకంటే ముందు ఇంకొకడు వాడాడు."

బీరువా తలుపు మీద ఒక బొమ్మ అంటించి ఉంది. గెడ్డం ఉన్న మొహం, దాని మీద అడ్డంగా ఎర్రగీత.

"ఇదేంటి?"

"గెడ్డం ఉన్నవాళ్లు వేసుకోకూడదు సార్. రబ్బరు అంచు చర్మానికి అతకదు. ఆ సందులోంచి గ్యాసు దూరుతుంది. ఈ గ్యాసుకి ఆ సందు చాలు."

నరసింగరావు దత్తాత్రేయ వైపు తిరిగాడు. "లాకప్‌లో ఉన్నవాడి మొహం చూశావా?"

"చూశాను. అయ్యప్ప మాలలో ఉన్నాడు. మాల తీయించలేదు, ఆ పాపం నాకెందుకని."

"గెడ్డం?"

దత్తాత్రేయ బీరువా మీది బొమ్మని మళ్లీ చూశాడు. "ముళ్లపొదలా ఉంది."

"అయితే రమేష్‌బాబు ఇక్కడ నిలబడి బతికేవాడు కాడు."

"ఈ నెల షిఫ్టులో మగవాళ్లందరూ స్వాములే సార్," అంది గౌతమి ఆత్రంగా. "అందుకే ఆ రోజు నేను దిగాల్సి వచ్చింది. మాస్కు అతికేది నా మొహానికొక్కదానికే..."

తనేం అందో ఆమెకి అన్నాక తెలిసింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"విన్నారా?" అన్నాడు దత్తాత్రేయ. "ఆవిడే చెప్పింది."

"చాలా బాధగా ఉందండీ," అంది వెనక నించి ఒక మెత్తని గొంతు.

మేనేజరు శ్రీనాథ్. తెల్ల చొక్కా, నున్నగా గీసిన గెడ్డం. చేతిలో ఫోను. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో ఎవరూ చూడలేదు.

నరసింగరావు అతని చెంపల్నే చూశాడు. "మీరు స్వామి కారా?"

"అయ్యానండీ. మూడు వారాలు దీక్షలో ఉన్నాను. గురువారం జగన్నాధం శవాన్ని అంబులెన్సు దాకా మోశాను. మైలపడ్డాను. ఆ సాయంత్రమే గురుస్వామి చేత మాల తీయించుకుని గెడ్డం గీయించుకున్నాను."

"శవాన్ని తాకితే తలస్నానం చేసి శరణుఘోష చెప్తే సరిపోతుందంటారే."

"మనసొప్పలేదండీ. నా దగ్గర పనిచేసిన మనిషి." గొంతు వణకవలసినంత వణికింది. అంతకు వీసం ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు.

"ఆ రోజు ఈయన మొహం చూశావా?" నరసింగరావు గౌతమిని అడిగాడు.

"శవాన్ని మోసేటప్పుడు అందరం మొహాలకి తడి తువ్వాళ్లు కట్టుకున్నాం సార్. కళ్లు తప్ప కనిపించలేదు."

"అంతకు ముందు?"

"సార్ గదిలోనే ఉన్నారు. 'ఆడిట్ వాళ్లతో ఫోన్లో ఉన్నాను, ఎవర్నీ పంపొద్దు' అన్నారు."

శ్రీనాథ్ నొచ్చుకున్నట్టు తల పంకించాడు. "నన్నూ అనుమానించండి. తప్పులేదు. కానీ ఆ రోజు నా మొహానికీ మూడు వారాల గెడ్డం ఉందండీ. ఫోటోలున్నాయి కావాలంటే. బుధవారం పూజలో తీసినవి."

"చాలు సార్, మీరు వెళ్లండి," అన్నాడు దత్తాత్రేయ. శ్రీనాథ్ వెళ్లాక మాట తీరు మారింది. "తేలిపోయింది గురూగారూ. లేబుల్ ఇచ్చింది రమేష్‌బాబు, మాస్కు పెట్టుకుంది ఈ అమ్మాయి. సాయంత్రం ఇద్దర్నీ మేజిస్ట్రేటు ముందు పెడతాను. ఒక కేసు పట్టుకొచ్చి రెండు చేసి పోతున్నారు. మీ చెయ్యి మంచిది."

"బుధవారం ఫోటో గురువారం మొహానికి సాక్ష్యమా?"

"కాదనడానికి మీ దగ్గరేముంది?"

ఏమీ లేదు. నరసింగరావుకి అది తెలుసు. అరగంట అయిపోయింది, ఇద్దరూ గేటు బయటున్న జీపు దగ్గరికి నడిచారు.

గేటు బయట రేఖ లేచి నిలబడింది. ఆమె కళ్లలో ఆశ చూసి అతనికి ఒళ్లు మండింది. ఆశపడేవాళ్లకి అబద్ధం చెప్పడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు.

"మీ ఆయన తప్పు లేబుల్ అంటించలేదు. అది రుజువైంది."

"అయితే వదిలేస్తారా బాబుగారూ?"

"లేదు. జగన్నాధాన్ని ఎవరో కావాలని చంపారు. ఇప్పుడు మీ ఆయన మీద హత్య కేసు రాస్తున్నారు."

రేఖ కొంగు నోట్లో కుక్కుకుంది. చప్పుడు బయటికి రాలేదు.

ఆ పక్కన తవిటమ్మ లేచింది. "ఏటి బావూ? ఏటన్నావు? సంపినారా? నా మొగుణ్ణి సంపినారా?"

"ఔను."

"ఎవులు? దీని మొగుడేనా?"

"కాదు."

తవిటమ్మ రేఖని చూసింది. తన అరచేతిని చూసుకుంది. దుమ్ము ఇంకా అంటుకునే ఉంది. చీరకి తుడుచుకుంది.

"పోలీసులు నిన్నేం అడిగారు?" అన్నాడు నరసింగరావు.

"ఆడు తాగుతాడా అని అడిగినారు. తాగడన్నాను. రాసుకోనేదు. వేలిముద్ర ఎయ్యమన్నారు."

"గురువారం నీ మొగుణ్ణి చివరిసారి ఎప్పుడు చూశావు?"

"పొద్దుట ఏడింటికి. కేరేజీ తెచ్చినాను. ముందు గేటు కాడ సెక్యూరిటీవోళ్లు కసురుతారని ఎనక గేటుకి ఎల్లినాను. ఆడొచ్చి కేరేజీ అందుకున్నాడు. 'ఇయ్యాల నన్ను గుంటలోకి దిగమన్నాడే మేనేజరు' అన్నాడు. అప్పుడే నా పేణం గతుక్కుమన్నాది. సెకునం అలగొచ్చినాది మరి."

"ఏం శకునం?"

"అదే, ఆ మేనేజరు బావే." ముక్కు చీదింది. "కారు దిగి ఎనక గేటునించే లోపలికి పోతన్నాడు. బుదోరం నాడే కదా 'సామి సరనం' అని దండం ఎట్టినాను, నిండా గెడ్డంతోటి, నల్లబట్టల్తోటి ఉన్నాడు. గురువారం సూద్దును కదా, మెడలో మాల్లేదు. గెడ్డం నున్నగా గీసేసినాడు. దీచ్చ మద్దిన మాల తీసేసినారంటే ఏటనుకుంటాం? 'ఏటి సామీ, మాల తీసేసినారు, ఇంట్లో ఎవులైనా పోయినారా' అని అడిగినాను."

నరసింగరావు వెనక జీపు తలుపు మీద దత్తాత్రేయ చెయ్యి ఆగిపోయింది.

"ఏమన్నాడు?"

"'మైలొచ్చిందమ్మా' అన్నాడు. తలొంచుకుని ఎల్లిపోయినాడు. అయ్యో పాపం అనుకున్నాను. ఎవులింటికో అనుకున్నాను బావూ. నా ఇంటికే అని నాకేటి తెలుసు?"

రేఖ నెమ్మదిగా వచ్చి తవిటమ్మ పక్కన నిలబడింది. ముట్టుకోలేదు.

"దత్తూ," అన్నాడు నరసింగరావు. "చావు పదకొండున్నరకి. వాడికి మైల ఏడింటికే వచ్చింది."

దత్తాత్రేయ ఫోను తీసి స్టేషనుకి చేశాడు. "ఆ రిమాండు రిపోర్టు ఆపు. నేనొచ్చేదాకా ఎవర్నీ కదపొద్దు." పెట్టేశాక గొంతు తగ్గించాడు. ఇప్పుడందులో వెటకారం లేదు. "ఒక్క మనిషి మాట గురూగారూ. వెనక గేటు దగ్గర కెమెరా లేదు, కావలి లేదు. అంత పెద్ద మేనేజరు మీద ఒక కూలిమనిషి మాట. ఇది కోర్టు దాకా నిలబడాలంటే ఆవిడ..."

"బతికుండాలి," అన్నాడు నరసింగరావు.

తలెత్తి ఆఫీసు మేడ వైపు చూశాడు. పై అంతస్తు కిటికీ దగ్గర శ్రీనాథ్ నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి తన నున్నటి చెంప మీద ఉంది. సీఐని చూడటం లేదు. నరసింగరావునీ చూడటం లేదు.

తవిటమ్మని చూస్తున్నాడు.